తేమ బరువు

బెల్లం కొనేటప్పుడు నేను చేసే మొదటి పని బొటనవేలితో నొక్కి చూడడం. ఆరిన బెల్లం వేలిని వెనక్కి నెడుతుంది. తేమ పట్టిన బెల్లం మీద వేలి గుర్తు అట్లాగే నిలబడిపోతుంది. కాంటాకు ఆ తేడా తెలియదు. నీళ్లను కూడా బెల్లమనే తూస్తుంది. లక్సెట్టిపేటలో ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారం చేస్తున్నాను, తేమ సరుకు నాకు అంటగట్టినవాడు లేడు. ఒక్కసారి మాత్రం మోసపోబోయాను. అది కూడా నా దుకాణం ముందే, నా కాంటా మీదనే.

నా భార్య దేవవ్వకు చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ గుండెలో ఒక కవాటాన్ని ఇరుకు చేసి పోయింది. ఆ సంగతి మాకు తెలిసింది పెళ్లయిన పదహారేళ్లకు, కరీంనగర్ మిషన్ దవాఖానలో. అక్కడ ప్రతి మంగళవారం గుండె జబ్బు వాళ్లను వేరుగా చూస్తారు. డాక్టర్ ప్రమోదిని దేవవ్వ ఛాతీకి తీగలు పెట్టించి, యంత్రంలోంచి వచ్చిన పొడుగాటి కాగితం చూసి చెప్పింది. ఆ జ్వరం మళ్లీ రాకుండా ఇరవై ఒక్క రోజులకోసారి సూది తప్పొద్దు. ఉప్పు తగ్గించాలి. ఒంట్లో నీరు చేరకుండా రోజూ పొద్దున ఒక గోలీ వేసుకోవాలి. మూడు నెలలు నీరు చేరకుండా నిలబెట్టుకుంటే హైదరాబాద్‌కు చీటీ రాస్తాను, అక్కడ ఆపరేషన్ చేస్తారు. చేయించకపోతే ఈ గుండె ఎక్కువ రోజులు లాగదు.

"నీరు చేరిందని మాకెట్ల తెలుస్తదమ్మా?" అని అడిగాను.

పక్కనున్న నర్సు ఎలీసబెతు నవ్వింది. "షావుకారూ, నీ దగ్గర కాంటా ఉన్నదా?"

"కాంటా లేకుంటే నేనేం జేసి బతకాలె?"

"ఇగ ఫికరెందుకు? రోజూ పొద్దుగాల, ఏం తినకముందే, ఈమెను తూకమెయ్యి. రెండు రోజుల్ల రెండు కిలోలు పెరిగిందనుకో, అది కండ గాదు, నీరు. ఒక్క పూట గూడ ఆగకు, తీస్కొని రా." అని దేవవ్వ మోకాలి కింద ముందు ఎముక మీద వేలితో ఒత్తి చూపించింది. "ఇక్కడ ఒత్తితే గుంట పడి నిలవొద్దు. సమజైందా?"

సమజు కాకుండా ఎట్లా ఉంటుంది? నా పనే అది.

ఆ రోజు నుంచి పొద్దున్నే దుకాణం తెరిచి మొదటి తూకం దేవవ్వదే. చెక్క పళ్లెంలో కూర్చునేది, రెండో పళ్లెంలో నేను బాట్లు పెట్టేవాడిని. నలభై ఒకటి. రెండున్నర నెలలు ఆ ముల్లు కదలలేదు. ఇంకో పదిహేను రోజులు ఇట్లాగే గడిస్తే చీటీ చేతికొస్తుంది.

అంతలో మేడారం సమ్మక్క జాతర వచ్చింది. అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. జాతరలో బెల్లాన్ని బంగారం అంటారు. మొక్కుకున్నవాళ్లు మనిషి ఎంత బరువుంటే అంత బంగారం తూచి తల్లికి ఇచ్చుకుంటారు. రెండేళ్లకోసారి వచ్చే గిరాకీ. కాంటాను రోడ్డు మీదికి తెచ్చి వేలాడదీశాను. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా మనుషులను తూచడమే. ఇంటి నిండా చుట్టాలు. ఆ హడావిడిలో నాలుగు రోజులు దేవవ్వను తూచలేదు. ఊళ్లో అందరి బరువూ నాకు తెలుసు, నా ఇంటి మనిషిది తెలియదు.

ఐదో రోజు పొద్దున నన్ను కన్న అవ్వ బాలవ్వ కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. కోడలు బాగైతే నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. మరునాడే ప్రయాణం. నలభై ఒక్క కిలోల బెల్లం ముందే విడిగా పెట్టుకుంది. దేవవ్వ ఒక పళ్లెంలో కూర్చుంది, బెల్లం రెండో పళ్లెంలోకి ఎక్కించాం. దేవవ్వ పళ్లెం పైకి లేవలేదు. ఒక ముద్ద వేశాను. ఇంకొకటి. నాలుగున్నర కిలోలు ఎక్కువ వేస్తే గానీ సమం కాలేదు.

అవ్వ చేతులు చరిచింది. "చూసిండ్రా! కట్టెపుల్ల అన్నోళ్లెవరే? నా కోడలు ఒళ్లు జేసింది! తల్లి కరుణించింది!"

చుట్టాలంతా నవ్వారు. నాకు మొదట కాంటా మీద అనుమానం వచ్చింది. పళ్లేలు మార్చి చూశాను, బాట్లు పెట్టి చూశాను. కాంటా సాఫ్‌గానే ఉంది. అప్పుడు దేవవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చొని ఆమె కాలి మీద బొటనవేలితో ఒత్తాను.

"అయ్యో, పెండ్లాం కాళ్లు మొక్కుతుండు మా ముత్తయ్య! బరువు పెరిగితే గింత మర్యాదనా?" అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

వేలు తీశాను. గుంట నిలబడింది.

"గోలీ మింగుతున్నవా?" అని మెల్లగా అడిగాను.

దేవవ్వ తల వంచింది. "నాలుగు రోజుల సంది మింగుతలేను."

"ఎందుకే?"

"మింగితే గంటకోసారి ఒంటికి లేవాలె. ఇంటినిండ మందిని వెట్టుకొని, పట్టపగలు చెంబు వట్టుకొని చెల్కల దిక్కు ఎన్నిసార్లు పోను? అందరు చూస్తుండె. రేపు పొద్దంత బస్సుల కూసోవాలె. నా ఒక్కదానికోసం బస్సు ఆపుతరా?" మాట మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది. "పండుకుంటె దమ్మాడుతలేదు. రెండు రోజుల సంది కూసునే ఉంటున్న."

లేచి నిలబడ్డాను. "కరీంనగర్ పోతున్నం. ఇప్పుడే."

"ఏందిరా?" అంది అవ్వ. "తూకం అయినంక బంగారం తల్లి దిక్కే కదలాలె. దవాఖానకు జాతర అయినంక పోరాదా?"

"అవ్వా, ఈ నాలుగున్నర కిలోలు మనిషి బరువు గాదు, తేమ. తేమ సరుకు తూచి తల్లికి ఇస్తవా? గిరాకీకే ఇయ్యను నేను."

అవ్వ కోడలి కాలి మీది గుంటను చూసింది, బెల్లాన్ని మూటగట్టడానికి కూర్చుంది.

బస్సులన్నీ జాతరకు మళ్లించారు. ఎదురుగా ఉన్నది నా సరుకు ఎక్కించుకొని మేడారం పోవడానికి సిద్ధంగా ఉన్న లారీ ఒక్కటే. దేవవ్వను క్యాబిన్‌లో దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను.

ఆదిలాబాద్ డ్రైవర్ అంబదాస్ తలగోక్కున్నాడు. "సేఠ్, మేడారం మంథని దిక్కున్నది. నువ్వు ధర్మపురి దిక్కు చెయ్యి చూపెడ్తున్నవ్."

"నాకు దిక్కులు ఎరుకనే. తోలు."

ఆ లారీ మళ్లీ జాతరకు ఎప్పుడు చేరుతుంది, ఎంత సరుకు మిగిలిపోతుంది అని నేను లెక్క వేయలేదు. వేస్తే చేయి వెనక్కి వస్తుందేమోనని భయం. బండి కదులుతుంటే అవ్వ బంగారం మూటను హమాలీ నెత్తిన పెట్టించుకొని వచ్చి నిలబడింది. "నేనొస్త. ఇది గూడ వస్తది. నడుమల దించుతె ఊకోను."

గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల మీదుగా మధ్యాహ్నానికి చేరాం. పెదవులు నీలం తిరిగిన దేవవ్వను చూడగానే ఎలీసబెతు లోపలికి తీసుకుపోయింది. మంచం తలవైపు ఎత్తింది, ముక్కుకు ఆక్సిజన్ పెట్టింది, డాక్టరమ్మ నరానికి సూది వేసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "రేపు వచ్చుంటే ఈ మెట్లు ఎక్కేది గాదు" అంది డాక్టరమ్మ.

మరునాటి నుంచి పొద్దున్నే తూకం. దేవవ్వ కంటే ముందు నేను ఎక్కి చూసుకున్నాను, నా బరువు నాకు తెలుసు గనుక.

"మా కాంటా మీద గూడ అనుమానమేనా షావుకారూ?" అంది ఎలీసబెతు.

"కాంటా ఎవరిదైనా కాంటానే సిస్టరమ్మా."

నలభై నాలుగు. నలభై మూడు. నలభై రెండు. ఐదో పొద్దు నలభై ఒకటి. ఆ రాత్రే దేవవ్వ మంచంలో పడుకొని నిద్రపోయింది.

అవ్వ మంచం కింది నుంచి మూట లాగింది. నాలుగున్నర కిలోలు విడదీసి వార్డులో అందరికీ పంచమని ఎలీసబెతు చేతిలో పెట్టింది. "మీ దేవునికి కోపం రాదు, తీస్కో బిడ్డా. ఇంక తల్లి గద్దె ఎక్కలే, ఉత్త బెల్లమే."

"మరి మిగిలింది, అవ్వా?"

"ఆపరేషన్ అయినంక మళ్ల తూచి ఇస్త. అందాక తల్లి ఆగుతది. ఆగకుంటె నేను మాట్లాడుకుంట."

డాక్టరమ్మ చెప్పిన మాట కష్టంగానే ఉంది. పోయిన రెండున్నర నెలలు లెక్కలోకి రావు. మూడు నెలలు మళ్లీ మొదటి నుంచి. నేను సరేనన్నాను. దేవవ్వ అనలేదు.

"డాక్టరమ్మా, గోలీ ఆపింది నా తప్పే. ఇగ ఆప. గానీ మందు చీటీల ఇంకొకటి రాయాలె. మా ఇంటెనుక నాలుగు గోడలు, ఒక తలుపు. లోపల గడియేసుకునేటట్టు గొండెం ఉండాలె. అది లేకుంట ఈయన ఎన్నిసార్లు తూకమేసినా ఫాయిదా లేదు."

డాక్టరమ్మ నవ్వలేదు. చీటీ తిరగేసి అన్నిటికంటే పైన 'మరుగుదొడ్డి' అని రాసింది. దాని కింద సూది. దాని కింద గోలీ.

ఆ చీటీ పట్టుకొని లక్సెట్టిపేటలో బస్సు దిగాను. దేవవ్వను అవ్వతో ఇంటికి పంపి, నేను ఇంటికి పోకముందే మేస్త్రీ కొమురెల్లి దగ్గరికి పోయాను. ఇంటి వెనకున్న బెల్లం గోదాంలో ఒక మూల పడగొట్టించాను. పది రోజుల్లో గోడలు లేచాయి, తలుపుకు గొండెం పడింది.

మే నెల చివర, చీటీ చేతికొచ్చి హైదరాబాద్ బయలుదేరే పొద్దున దేవవ్వ వచ్చి తనంతట తనే పళ్లెంలో కూర్చుంది. బాట్లు పెట్టాను. నలభై ఒకటి. వంగి కాలి మీద ఒత్తాను. వేలు తీయగానే గుంట పూడిపోయింది.

"ఇంక ఎంతసేపు జూస్తవయ్యా?" అంది. "పోదాం పా, బస్సు ఆగదు."