నేను రాయని శుక్రవారం

ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అత్తమ్మకు రాగిజావ తాగిస్తున్నాను. ఆమెకు పక్షవాతం వచ్చి ఆ రోజుకు ఎనిమిదో రోజు. కుడివైపు మూతి వంకరపోయింది కాబట్టి ఎడమవైపు నుంచి చెంచా పెట్టాలి, మింగిందో లేదో గొంతు చూసుకోవాలి, కారినదాన్ని మెత్తటి గుడ్డతో తుడవాలి. ఒక గ్లాసు జావకు ముప్పావు గంట పడుతుంది. సగం గ్లాసు అయ్యేసరికి నా ఫోను మోగింది. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మా బడి నుంచి తల్లిదండ్రులందరి ఫోన్లకూ వెళ్ళే ‘బడి కబుర్లు’. పదకొండేళ్ళుగా వాటిని రాస్తున్నది నేను. అందరిలాగా నేనూ వాటిని అందుకోవడం అదే మొదటిసారి.

గ్లాసు కింద పెట్టి తెరిచాను. మొదటి పేజీలో ఎప్పటిలాగే మా కరస్పాండెంట్ సిద్దిరాములు సార్ ఫోటో. దాని కింద, మూడో తరగతి అదీబ్ చదరంగంలో జిల్లా పోటీలకు ఎంపికయ్యాడని. రెండో పేజీలో బహదూర్‌పల్లి దాకా కొత్త బస్సు. మూడో పేజీలో నా ఫోటో.

“పంతొమ్మిదేళ్ళుగా మన చిన్నారులకు తెలుగు తీపిని పంచిన శోభారాణి మేడమ్, అనారోగ్యంతో ఉన్న అత్తగారి సేవలో తరించేందుకు స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేస్తున్నారు. ఈ ఆదర్శ గృహిణికి మన బడి కుటుంబం తరఫున శుభాకాంక్షలు.”

అలవాటు కొద్దీ ముందు అక్షర దోషాల కోసం చూశాను. ఒక్కటీ లేదు. రెండోసారి చదివినప్పుడు గాని ఆ మేడమ్ నేనేనని బుర్రకెక్కలేదు.

నజ్‌నీన్‌కు ఫోన్ చేశాను. మా బడిలో కంప్యూటర్లు చెప్పే పిల్ల. నేను రాసిచ్చిన కబుర్లను పేజీల్లో అమర్చి పంపేది తనే. నేను ఆసుపత్రిలో ఉన్నానని ఆ వారం రాసే పని కూడా తన మీదే పడింది.

“మేడమ్, మీకు నచ్చలేదా? మీ పాతవి నాలుగైదు ముందల పెట్టుకొని రాసిన” అంది.

“నేను ఉద్యోగం మానేస్తున్నానని నీకు ఎవరు చెప్పిన్రు?”

“మీ సారు సోమవారం వచ్చి లెటర్ ఇచ్చిపోయిండు మేడమ్. మీ సంతకం ఉండె. నేను చూసిన.”

సంతకం నాదే. అత్తమ్మను ఆసుపత్రిలో చేర్చిన రోజు ఒకవైపు స్కానింగు, ఒకవైపు మందుల చీటీలు, నేను స్ట్రెచర్ పట్టుకుని పరుగెత్తుతుంటే మా ఆయన ధర్మేందర్ ఒక తెల్లకాగితం నా ముందు పెట్టాడు. “జల్దీ సంతకం పెట్టు. ఎన్ని దినాల సెలవో తర్వాత రాసి బడిల ఇచ్చొస్త” అన్నాడు. గోడకు ఆనించి పెట్టాను. నా భర్తే కదా, చదివేందుకు అందులో ఏమీ లేదు కదా అనుకున్నాను. నిజంగానే అప్పుడు అందులో ఏమీ లేదు.

ఆ పంతొమ్మిదేళ్ళు ఎట్లా గడిచాయో ఆ స్టూలు మీదే కూర్చుని తలుచుకున్నాను. పొద్దున అయిదింటికి లేచి, రెండు పూటల వంటా ఒకేసారి చేసి, ఏడుంబావుకల్లా మేడ్చల్‌లో బడి బస్సు ఎక్కి, శామీర్‌పేట దారిలో ఉన్న బడికి చేరేలోపు దారి పొడుగునా ఎక్కే పిల్లల్ని లెక్కపెట్టడం నా పని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని సర్టిఫికెట్లు నేనే రాయాలి. ముఖ్య అతిథి వస్తే బొట్టుపెట్టి పూలగుత్తి ఇచ్చేందుకు నేనే నిలబడాలి, ఆయన తిన్న పళ్ళెం కూడా నేనే తీయాలి. మగ టీచర్లు ఆయన పక్కన కూర్చుని తినేవాళ్ళు. ప్రైమరీ ఇన్‌ఛార్జ్ పోస్టు ఖాళీ అయినప్పుడు అడిగితే, “మీకు ఇంటి పని ఎక్కువ గదా మేడమ్, మళ్ళ ఇదెందుకు?” అని సార్ నవ్వుతూ నాకంటే ఏడేళ్ళు చిన్నవాడికి ఇచ్చారు. ఇంటి దగ్గర మాటలు ఇంకో రకం. పెళ్ళయిన కొత్తలో అత్తమ్మ అనేది, “నౌకరి జేస్తే జెయ్యి, పొయ్యి మాత్రం సల్లారొద్దు” అని. గురువారం సాయంత్రాలు నేను కబుర్లు రాస్తుంటే ధర్మేందర్ టీవీ చూస్తూ, “దాంట్ల నీ పేరన్న ఉంటదా? ఎందుకు గంత పాకులాట?” అనేవాడు. పేరు ఉండేది కాదు. అయినా నాకు ఇష్టంగా ఉండేది. తడబడుతూ పద్యం చెప్పిన పాపకు కూడా అందులో ఒక వాక్యం దొరికేది. దాన్ని వాళ్ళ నాయిన డ్యూటీలో అందరికీ చూపించుకున్నాడని తెలిసేది. అది నా చేతుల్లో ఉన్న పని. ఇంట్లో నా చేతుల్లో ఉన్న పనులు చాలా ఉన్నాయి కాని అవి చేసినట్టు ఎవరికీ కనపడవు, చేయనప్పుడే కనపడతాయి.

ధర్మేందర్ ఆరింటికి వచ్చాడు. గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో సూపర్‌వైజర్ ఆయన. యూనిఫాం చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. వరండాలోకి పిలిచి ఫోను చూపించాను.

“నేను పెట్టింది సెలవు కోసం” అన్నాను.

“సెలవు ఎన్ని దినాలు ఇస్తరు? పది? పదిహేను? ఆరు నెలల దాంక మంచం దిగదని డాక్టర్ చెప్పలేదా? మన పాపను హాస్టల్ నుంచి తెచ్చి సదువు మాన్పిద్దామా? నేను నౌకరి ఇడిసిపెట్టాల్నా?”

“నన్ను ఒక్క మాట అడగాలె గదా.”

“అడిగితే వద్దంటవని నాకు ఎరుకే” అన్నాడు.

కోపంగా అనలేదు. గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, అలసిపోయిన మనిషిలా అన్నాడు. తల్లి పడిపోయిన రోజు ఆయన చిన్నపిల్లాడిలా ఏడవడం నేను చూశాను. ఆయన దుఃఖం అబద్ధం కాదు. కాని ఆ దుఃఖాన్ని మోయాల్సిన మనిషి ఎవరన్నది ఆయనకు ఆలోచించాల్సిన విషయంగానే తోచలేదు. నేను ఒప్పుకోనని తెలుసు, తెలిసీ చేశాడు. తెలియక చేసి ఉంటే బాగుండునని చాలాసేపు అనిపించింది.

లోపలికి వచ్చేసరికి అత్తమ్మ ఎడమ చేత్తో నా ఫోను వైపు చూపిస్తోంది. నాకు అప్పుడు గుర్తొచ్చింది, శుక్రవారం కదా. మా అత్తమ్మ బాలమణికి చదువు రాదు. మేడ్చల్ అంగడిలో ముప్పయ్యేళ్ళు ఆకుకూరలు అమ్మింది. శుక్రవారం సాయంత్రం నేను ఇంటికి రాగానే ఎదురుగా కూర్చుని కబుర్లన్నీ చదివించుకునేది. ఎన్నడూ చూడని పిల్లలు ఆమెకు పేర్లతో సహా తెలుసు. ఎవరికన్నా బహుమతి రాకపోతే, “గా పోరికి ఎందుకియ్యలే?” అని నాతో తగువు పెట్టుకునేది.

అదీబ్ సంగతి చదివాను. ఆమె కళ్ళు కొంచెం మెరిశాయి. కొత్త బస్సు సంగతి చదివాను. మూడో పేజీ దాటేద్దామనుకున్నాను కాని ఆమె నా ఫోటో చూసేసింది. వేలితో దాని మీద తట్టింది. చదివాను. గొంతు మామూలుగానే ఉంచుకుని, పాఠం చదివినట్టు చదివాను. ‘అత్తగారి సేవలో’ అన్నచోట ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. పూర్తయ్యేదాకా ఆగి, ముద్దముద్దగా, ఒక్కో మాటా తోడుకుంటూ అంది.

“నా… మీద… ఏసిండు.”

“ఎవరు అత్తమ్మా?”

ఆమె తలుపు వైపు చూసింది. అక్కడ ఆమె కొడుకు మందుల సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు, సంచి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. అత్తమ్మ ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆమె నన్ను అట్లా పట్టుకోవడం అదే మొదలు. ఇద్దరం ఏడ్చాం. ఆమె కన్నీళ్ళు కూడా నేనే తుడవాల్సి వచ్చింది.

మంగళవారం ఆమెను ఇంటికి తెచ్చాం. పక్కింటి శివమ్మను ఒక గంట కూర్చోబెట్టి నేను బడికి వెళ్ళాను. సిద్దిరాములు సార్ లేచి నిలబడి కుర్చీ చూపించారు. అంత మర్యాద నేను ఆ గదిలో ఎన్నడూ ఎరగను.

“మీ మీద గౌరవంతోనే ఒప్పుకున్నం మేడమ్. నిన్న కొత్త మేడమ్ జాయినైంది. ఆ అమ్మాయిని ఇప్పుడు ఎట్ల పొమ్మంటం?”

“నాకు ఒక్క ఫోన్ చేయలే సార్.”

“ఆసుపత్రిల ఉన్నరు, డిస్టర్బ్ చేయొద్దనుకున్నం. మీ సారు మంచిగ కూసొని మాట్లాడిండు. ఇంట్ల అనుకొనే వచ్చిండనుకున్నం.” ఆయన డైరీ తిరగేశారు. “శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. అప్పుడే మిమ్మల్ని ఘనంగా పంపిస్తం. మీరు తప్పక రావాలె.”

బయటికొస్తుంటే రెండో తరగతి కిటికీలోంచి కొత్త టీచరు కనిపించింది. ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. బోర్డు మీద ‘ఋ’ రాస్తోంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. గేటు దగ్గర బల్ల మీద మాత్రం కాసేపు కూర్చున్నాను.

శనివారం వెళ్ళనని నజ్‌నీన్‌తో అన్నాను. కాని శుక్రవారం అత్తమ్మకు ఒళ్ళు తుడుస్తుంటే, నేను వెళ్ళకపోతే ఆ వార్త అట్లాగే నిజమై ఉండిపోతుంది కదా అని తోచింది. రెండు వందల ఇళ్ళలో ఆ వార్త ఉంది. ఉద్యోగం పోయింది, అది సరే. కాని నేనే వదిలిపెట్టానన్న మాట నా పేరు మీద ఎందుకు ఉండాలి?

మైదానంలో షామియానా వేశారు. నన్ను వేదిక మీద సార్ పక్కన కూర్చోబెట్టారు. ధర్మేందర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండో వరుసలో కూర్చున్నాడు. శాలువా కప్పారు. అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ బహుమతిగా ఇచ్చారు. ఇల్లాలి త్యాగం గురించి సార్ పది నిమిషాలు మాట్లాడారు. తల్లులు కొందరు కళ్ళు ఒత్తుకున్నారు. తర్వాత మైకు నా చేతికిచ్చారు.

“అందరికీ నమస్కారం” అన్నాను. నా గొంతు స్పీకర్లలోంచి తిరిగి నాకే వినిపించింది. “పోయిన వారం కబుర్లలో నా గురించి వచ్చిన వార్త నిజం కాదు. నేను రాజీనామా చేయలేదు. సెలవు కోసం నేను పెట్టిన సంతకం పైన ఇంకొకరు రాజీనామా రాశారు. మా అత్తమ్మను నేను చూసుకుంటున్నాను, ఇకముందు కూడా చూసుకుంటాను. కాని ఈ బడిని నేను వదిలిపెట్టలేదు. అది మీకందరికీ తెలియాలని చెప్తున్నాను.”

ముందు వరుసలో కింద కూర్చున్న చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరు మాట్లాడి ఆగినా చప్పట్లు కొట్టాలని వాళ్ళకు నేర్పింది మేమే. వెనక పెద్దవాళ్ళు కొట్టాలో వద్దో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. సార్ నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని, “మేడమ్ కొంచెం ఎమోషనల్ అయినరు, సహజమే” అని జాతీయ గీతం పాడించారు.

బండి మీద వస్తుంటే చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర ధర్మేందర్ వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“అందరి ముందల నా ఇజ్జత్ తీసినవ్.”

“మీ పేరు నేను తీయలే” అన్నాను.

“పేరు తియ్యాల్నా? ఎవరికి సమజ్ కాదు?”

అందరికీ అర్థమైందని ఆయన నోటితోనే వినడం నాకు చాలు అనిపించింది. ఆ తర్వాత అయిదు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు.

ఉద్యోగం తిరిగి రాలేదు. మరుసటి శుక్రవారం నాలుగింటికి కబుర్లు వచ్చాయి. శాలువాతో నా ఫోటో ఉంది. ‘శోభారాణి మేడమ్ తన అనుభవాలను భావోద్వేగంతో పంచుకున్నారు’ అని ఉంది. నేను చెప్పిన మాట లేదు. నజ్‌నీన్ విడిగా మెసేజ్ పెట్టింది, రాశాను మేడమ్, సార్ తీయించారు అని. ఏం కాదు, నీ ఉద్యోగం జాగ్రత్త అని జవాబిచ్చాను.

ఆ రోజే ఆరింటికి, అత్తమ్మకు జావ కలుపుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

“మేడమ్, నేను జహీరాను. యాదికి ఉన్ననా?”

ఎందుకు గుర్తులేదు. నాలుగేళ్ళ కింద మా దగ్గర సైన్సు చెప్పేది. పిల్లలు ఆమె వెంట తిరిగేవాళ్ళు. కడుపుతో ఉన్నప్పుడు మానేసింది. ఇప్పుడు నాగారంలో ఉంటోందట. వాళ్ళ అక్క కొడుకు మా బడిలోనే చదువుతున్నాడు, శనివారం మీటింగుకు వాళ్ళక్క వచ్చిందట.

“మీరు మైకుల చెప్పింది మా బాజీ చెప్పింది మేడమ్. నాలుగు దినాల సంది ఫోన్ జేద్దామా వద్దా అని సోంచాయిస్తున్న.” ఊపిరి తీసుకుంది. “నేను గూడ రాజీనామా చెయ్యలే మేడమ్. మూడు నెలలు సెలవు అడిగిన, గంతే. సోమవారం నుంచి రావద్దన్నరు. శుక్రవారం కబుర్లల్ల వచ్చింది.”

నాకు ఆ వాక్యం గుర్తుంది. ‘మాతృత్వపు మధురిమలోకి అడుగుపెడుతూ మన నుంచి వీడ్కోలు తీసుకుంటున్న జహీరా మేడమ్‌కు’ అని మొదలవుతుంది. ఆఫీసు నుంచి వచ్చిన చీటీలో ‘జహీరా, సైన్స్, లెఫ్ట్’ అని మూడు మాటలే ఉంటే, వాటిని అంత అందంగా మలిచానని సార్ స్టాఫ్ రూంలో అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ రోజంతా నేను మురిసిపోయాను. పక్క గదిలోనే సామాన్లు సర్దుకుంటున్న పిల్లను వెళ్ళి ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు.

“ఇంట్ల అందరికి చదివి వినిపిచ్చిన్రు మేడమ్. మా అత్త ఖుషీ అయ్యింది. మీరు రాసింది గంత మంచిగుండె. అది చదివినంక, నేను మానలే, నన్ను తీసేసిన్రు అని చెప్తే ఎవరు నమ్ముతరు?”

పొయ్యి కట్టేశాను. వంటగది గడప మీద కూర్చున్నాను.

“మొదటి నుంచి చెప్పు జహీరా” అన్నాను. “ఏదీ వదిలిపెట్టకు.”