షెడ్డులో దాచిన బండి

డీజిల్ పికప్పులు తయారుచేసే కంపెనీల వాళ్ళారా, వాటిని అమ్మే షోరూముల యజమానులారా, మిమ్మల్నే అంటున్నాను. మీరు బండిని కూర్చునేవాడి కోసమే కట్టారు. బరువులు ఎత్తేవాళ్ళు ఒకళ్ళుంటారన్న ధ్యాసే మీకు లేదు. స్టీరింగు పక్కన టీవీ పెట్టారు, సీటుకు మెత్త వేశారు, వెనక మాత్రం గోడ కట్టారు. ఆ గోడ దెబ్బకు మా వదిన చేసే పని మానేసి ఓ మూల కూర్చోవాల్సి వచ్చేది. ఎలా తప్పిందో చెబుతాను, వినండి.

మాది వాషింగ్ మెషిన్లు బాగుచేసే కొట్టు. అన్నయ్య మోటార్లు చూస్తాడు, మా ఆయన వైర్లు చూస్తాడు. ఇళ్ళకు పోయి మెషిన్ తెచ్చేదీ, బాగయ్యాక దింపి వచ్చేదీ వదిన, పక్కన నేను. ఎత్తడంలో వదినదో పద్ధతి. మెషిన్ని బండి అంచుకు ఒరగబెడుతుంది. అంచు సరిగ్గా మెషిన్ మెడకు తగలాలి. అప్పుడు వంగి అడుగు పట్టి లేపితే, మెషిన్ తల లోపలికి వాలుతుంది. ఇక ఒక్క తోపు. అందులో బలమేమీ లేదు, అంతా వాటమే. కానీ అంచు వదిన నడుమెత్తు దాటిందా, బరువంతా భుజాలదే. కుడి భుజం ఒకసారి పట్టేసింది కూడా. "ఛాతీ పైకి బరువెత్తావంటే ఆ చేత్తో ఇక దువ్వెన కూడా పట్టలేవు" అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

ఇంతలో మా పాత పికప్పు మూలుగుతూ కొనకొచ్చింది. కొత్తది కొనాలి. అన్నయ్య కొమ్ముల బొమ్మ కంపెనీ పక్షం, మా ఆయన రెక్కల బొమ్మ కంపెనీ పక్షం. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళన్నారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు కాబట్టి, పక్కగదిలోంచి వింటే ఒక్కడే తనతో తాను పోట్లాడుతున్నట్టుంటుంది.

"ఆ లాగుడు చూశావా బావా? కొండకు తాడు కట్టినా లాగేస్తుంది!" అంటాడు అన్నయ్య.

"మనకి కొండలు రిపేరుకు రావు బావా. మైలేజి చూడు."

"మైలేజే కావాలంటే సైకిలు కొనుక్కో బావా."

రెండు షోరూములకూ వెళ్ళి నడిపి చూశారు. ఖాళీ బండ్లే! నడిపాక ఇద్దరూ బానెట్ మీద చెవి ఆనించారు, మెషిన్ తిరుగుతుంటే చెవి పెట్టి వినడం మా వాళ్ళకు అలవాటు. "బాగా పిండుతుంది" అన్నాడు అన్నయ్య. సేల్స్ కుర్రాడు తెల్లమొహం వేశాడు.

ఇంటికొచ్చాక వదిన ఒక్కటే అడిగింది. "ఇంతకీ వెనక అంచు ఎంతెత్తుందండీ?"

అన్నయ్య మా ఆయన్ని చూశాడు. మా ఆయన ఫ్యాన్ని చూశాడు.

"అంచుదేముందిలే! నువ్వు ఫోను దగ్గర కూర్చో. ఎత్తడానికి ఎవరినైనా పెడదాం" అన్నాడు అన్నయ్య.

"నేను ఫోను దగ్గర కూర్చుంటే మీరిద్దరూ బండి దగ్గర కూర్చుంటారు. ఇక మెషిన్లు వాటంతటవే నడిచొస్తాయా?" అని వదిన లేచింది.

మర్నాడు పొద్దున్నే పాత బండిలో ఓ చచ్చిపోయిన మెషిన్ వేసుకుని నలుగురం బయల్దేరాం. ఆ రెండు షోరూములూ రోడ్డుకు చెరోవైపు, ఎదురెదురు. కొమ్ముల షోరూములో అద్దంలా మెరిసే నేల మీద వదిన మెషిన్ దింపింది.

"మేడమ్, ఇది షోరూమండీ!" అని సేల్స్ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

"తెలుసు నాయనా. కొనేముందు నడిపి చూడమన్నారుగా? నా పని నడపడం కాదు, ఎత్తడం. ఎత్తి చూస్తాను."

అక్కడి బండి అంచు వదిన ఛాతీకి వచ్చింది. వదిన వెనక్కి తగ్గి, "మీరు కానివ్వండి" అంది భర్తతో. అన్నయ్య ఓ వైపు, కుర్రాడు ఓ వైపు పట్టారు. మెషిన్ సగం లేచింది. కుర్రాడి టై మెషిన్‌కీ అంచుకీ మధ్య ఇరుక్కుంది. "సార్, దించండి! సార్, నేను!" అని కేకలు. అవతలి షోరూము కుర్రాడు గుమ్మంలో నిలబడి పడీపడీ నవ్వాడు.

"నవ్వకు బాబూ, వస్తున్నాం" అంది వదిన.

రెక్కల బండి అంచు కాస్త కిందికే ఉంది. కానీ వెనక బంపరు గడపలా బయటికి పొడుచుకొచ్చింది. వదిన ఒరగబెట్టబోతే మెషిన్ ఒరగలేదు, వెనక్కి జారి మా ఆయన బూటు మీద కూర్చుంది.

"మైలేజి ఎలా ఉంది బావా?" అన్నాడు అన్నయ్య, టై కుర్రాడికి మంచినీళ్ళు అందిస్తూ. అతనూ మా వెంటే రోడ్డు దాటి వచ్చేశాడు.

నేను వదిన మొహం చూశాను. నవ్వుతూనే ఉంది, చెయ్యి మాత్రం కుడి భుజం మీదికి పోయింది.

టై కుర్రాడూ అది చూశాడు. గొంతు తగ్గించి, "మేడమ్, మా వెనక షెడ్డులో ఒకటుంది. అంచు కిందికి ఉంటుంది, మూడు వైపులా గోడలు తలుపుల్లా కిందికి వాలతాయి. స్క్రీను లేదు. అది చూస్తే జనం ఖరీదైంది కొనరని, చూపించొద్దన్నారు పైవాళ్ళు" అన్నాడు.

"మా షెడ్డులోనూ ఒకటుంది మేడమ్" అన్నాడు రెండోవాడు, నేల చూపులు చూస్తూ.

విన్నారా, పైవాళ్ళారా? ఇద్దరూ బోర్డుల మీద కత్తులు నూరుకుంటారు. దాచిపెట్టడంలో మాత్రం తోడుదొంగలు!

రెండూ బయటికి వచ్చాయి, దుమ్ముతో, పాత బ్యానర్లతో. రెక్కల దాని తలుపు గడియ తెరవాలంటే కాలితో తన్నాలి. కొమ్ముల దాని తలుపు ఒంటిచేత్తో లాగితే కిందికి వాలింది. అంచు వదిన నడుముకు వచ్చింది. ఒరగబెట్టింది, వంగింది, లేపింది, తోసింది. మెషిన్ లోపలుంది. ఇద్దరు కుర్రాళ్ళూ చప్పట్లు కొట్టారు.

"చూశావా బావా, కొమ్ములే గెలిచాయి!"

"కొమ్ములు కాదు బావా, షెడ్డు గెలిచింది."

"గెలిచింది నేను. తాళాలు ఇటివ్వండి" అంది వదిన.

ఆ బండి ఇప్పుడు మా కొట్టు ముందుంది. వదిన ఫోను దగ్గర లేదు. ఫోను దగ్గర అన్నయ్య ఉన్నాడు.

కాబట్టి యజమానులారా, ఇవాళే షెడ్డు తాళాలు తీయండి. ఆ బండ్లు కడిగి ముందు వరసలో నిలబెట్టండి. ప్రతి షోరూములో ఓ చచ్చిన మెషిన్ పెట్టండి. దొరక్కపోతే మా కొట్టుకు రండి, బోలెడున్నాయి. నడిపేవాడి చేతికి తాళమిచ్చే ముందు, ఎత్తేది ఎవరని అడగండి. వాళ్ళను పిలవండి. ముందు వాళ్ళను ఎత్తి చూడనివ్వండి.