ఎలిశబెతు ఎక్కని బండి

బర్రెను కట్టే గుంజకు చుట్టిన గొలుసు విప్పి, జీవానందం మోటారు సైకిలును మెల్లగా వాకిట్లోకి తోసుకొచ్చాడు. పాతగుడ్డతో ట్యాంకు తుడిచాడు. హ్యాండిలు తుడిచాడు. వెనక సీటును మరీ శ్రద్ధగా తుడిచాడు. ఆ సీటు మీద ఇంతవరకు ఎవరూ కూర్చున్న పాపాన పోలేదు. అయినా రోజూ తుడుస్తాడు. తర్వాత కిక్కు రాడ్డు మీద పాదం మోపి, "ప్రభువా!" అని ఒక్క తన్ను తన్నాడు.

బండి డుగ్గు, డుగ్గు, డుగ్గుమని తీరుబడిగా మొదలుపెట్టింది. కాలువకు అవతల నులకమంచం మీద పడుకున్న వెంకయ్య దిగ్గున లేచి, పార భుజాన వేసుకుని పొలం వైపు పరుగెత్తాడు.

పాపం, ఆయన తప్పేమీ లేదు. అల్లూరు చెరువు నీళ్లు ఆ చివరి పొలాల దాకా సరిగ్గా ఎక్కవు. అందుకని రైతులంతా కలిసి కాలువ గట్టున ఒక ఆయిలు ఇంజను పెట్టుకున్నారు. వంతులవారీగా నీళ్లు. ఇంజను చప్పుడు వినబడితే చాలు, ఎవరి వంతైతే వాళ్లు వెళ్లి మడవ తీసి పొలానికి నీళ్లు మళ్లించుకోవాలి. గడియారం ఉన్న ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు, దాని అవసరమూ ఎవరికీ కలగలేదు. ఆ ఇంజనును నడిపేది జీవానందం. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఎట్లా కొట్టుకోవాలో ఆయన చెవికి తెలిసినది ఆ ఒక్క తీరే. మోటారు సైకిలును బాగుచేసినప్పుడు కూడా నిప్పురవ్వ పడే వేళను అటూ ఇటూ జరిపి జరిపి, అచ్చం కాలువ ఇంజనులా కొట్టుకునేదాకా వదల్లేదు. మద్రాసు అవతల విమానాల మైదానంలో పందాలు పరుగెత్తిన విలాయతి బండి అది. జీవానందం చేతిలో పడ్డాక జట్కాను దాటడమే గగనమైంది.

వెంకయ్య చెమటలు కక్కుతూ వెనక్కి వచ్చాడు.

"మళ్లీ నీ బండేనా సామీ? ఎన్నాళ్లు ఉరికిస్తావు నన్ను?"

"నీ మంచికే గదన్నా. పొద్దున్నే రవంత ఉరికితే ఒంటికి మంచిది."

"ఒంటికి మంచిదైతే నీ పెండ్లాన్ని ఎక్కించుకోని తిప్పు, చూద్దాం!"

జీవానందం నవ్వేశాడు గానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. గడపలో కూర్చుని బియ్యం చెరుగుతున్న ఎలిశబెతు చేట ఆపలేదు, తల ఎత్తలేదు.

ఆ బండి ఇంటికొచ్చిన కథంతా ఆమె పుట్టింటికి పోయినప్పుడు జరిగింది. పద్మనాభయ్య గారని అల్లూరులో కలిగిన రైతు. ఆయన బావమరిది ఆ బండి మీద పందాలకు పోయి, కింద పడి భుజం ఎముక విరగ్గొట్టుకుని, బుద్ధి తెచ్చుకుని గుమాస్తా ఉద్యోగంలో చేరాడు. బండిని మాత్రం బావగారి గడ్డివాములో పడేసి పోయాడు. అక్కడ దానిమీద కోళ్లు పడుకునేవి. ఒకరోజు పంపు పనిమీద అటు వెళ్లిన జీవానందం దాన్ని చూశాడు. గడ్డి తొలగించి ఇంజను మీద చెయ్యి వేశాడు. ఇక ఇంటికొచ్చినా అన్నం సహించలేదు. పద్మనాభయ్య గారి భార్యకేమో జీవానందం ఇంటి బర్రె చుక్క మీద ఎప్పటినుంచో మనసు. ఎలిశబెతు సంగంలోని పుట్టింటి నుంచి తిరిగొచ్చేసరికి గుంజకు చుక్క లేదు. చుక్క గొలుసుతో, తుప్పుపట్టిన ఇనుము కట్టి ఉంది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి పోయి పాలచెంబు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"పితుకు. ఇది పాలిచ్చిన నాడు నేను ఎక్కుతా."

చుక్కను ఆమె దూడగా ఉన్నప్పటి నుంచి పెంచింది. పిల్లలు లేని ఇల్లు. జోరీగలు ముసిరితే పక్కన కూర్చుని చేటతో విసిరేది. చేసింది తప్పని జీవానందానికి ఆ చెంబు పట్టుకున్న క్షణంలోనే తెలిసింది. తెలిసి ఏం లాభం? ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే ముఖం లేదు.

ఇక చేయగలిగింది ఒకటే, బండిని ఆమె ఎక్కేటట్టు చేయడం. రెండు వానాకాలాలు దానితోనే గడిచాయి. క్లచ్చి బిళ్లల్లో బెండు ముక్కలు అరిగిపోతే, కాంపౌండరును బతిమాలి మందు సీసాల బిరడాలు తెచ్చి కోసి బిగించాడు. బండి వేడెక్కితే ఇప్పటికీ దగ్గుమందు వాసన వస్తుంది. పాత బెల్టు తోలుతో సీటు కుట్టాడు. ఒకరికే చోటున్న పందెపు బండికి వెనక ఇంకొకటి అమర్చి, బూరుగు దూది కూరి, ఎలిశబెతు నడుముకు నొప్పి కలగకుండా చూసుకున్నాడు. ఆమె దాన్ని చూసి, "దూది దండగ" అంది. ఆదివారం గుడికి ఆమె నడిచే పోయేది. ఆయన బండిని ఆమె నడకకు సరిపడా మెల్లగా పోనిస్తూ పక్కనే వెళ్లేవాడు. ఊరంతా అరుగుల మీద కూర్చుని ఈ ఊరేగింపు చూసేది.

ఇట్లా ఉండగా ఒకరోజు పెంచలమ్మ వంతు వచ్చింది. మొగుడు పోయిన మనిషి, ఉన్నది ఒక చెక్క భూమి. మొలగొలుకుల వరి నారు పోసింది. ఆగస్టు ఎండకు నారు కొసలు ఎర్రబడుతున్నాయి. జీవానందం ఇంజను కొట్టంలోకి పోయి చక్రం తిప్పబోతే చక్రం కదల్లేదు. పిస్టను పట్టేసింది. సామాను నెల్లూరు నుంచి రావాలి. అప్పటిదాకా నారు ఉండదు.

పెంచలమ్మ గట్టుమీద కూలబడింది. "ఇంగేముందన్నా, నా నోట్లో మన్నే" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

జీవానందం ఇంజను వైపు చూశాడు, పంపు వైపు చూశాడు. తర్వాత కొట్టం బయట నీడలో నిలబెట్టిన బండి వైపు చూశాడు.

"వెంకయ్యన్నా, మోకు తే."

ఇద్దరూ కలిసి బండిని పంపుకు ఎదురుగా స్టాండు మీద నిలబెట్టారు. ముందు చక్రం సగం దాకా ఇసకలో పూడ్చి, బండి మొత్తాన్ని తాటిమొద్దుకు కట్టేశారు. వెనక చక్రం టైరు ఊడదీసి, ఉత్త రిమ్ము మీదుగా పంపు బెల్టు వేశారు. జీవానందం "ప్రభువా!" అన్నాడు. డుగ్గు, డుగ్గు, డుగ్గు. పందాల కోసం పుట్టిన బండి తన స్వభావంలోనే ఉంటే బెల్టును తెంపి అవతల పారేసేదేమో. కాలువ ఇంజను నడక నేర్చినది గనక నిదానంగా లాగింది. గొట్టం రెండుసార్లు గురకపెట్టి నీళ్లు కక్కింది.

పెంచలమ్మ పార పట్టుకుని మడవకు పరుగెత్తింది. కాసేపటికి బండి నుంచి దగ్గుమందు వాసన మొదలైంది. వెంకయ్య గబగబా బిందె ఎత్తాడు.

"పొయ్యొద్దన్నా! కాలిన ఇనుము, నీళ్లు పడితే పగులుద్ది. నడిచే బండికైతే గాలి తగులుద్ది. దీన్ని కట్టేసినాం గదా. గాలి కావాల."

అప్పటికే అన్నం గిన్నె తీసుకుని వచ్చిన ఎలిశబెతు గట్టుమీద నిలబడి చూస్తోంది. గిన్నె కింద పెట్టి, గిరుక్కున ఇంటివైపు తిరిగింది. కోపంతో పోయిందనుకున్నాడు జీవానందం. ఇల్లు అక్కడికి నాలుగడుగులే. ఆమె చేట పట్టుకుని వచ్చింది. బండి పక్కన ఒక రాయి వేసుకుని కూర్చుని, ఇంజనుకు విసరడం మొదలుపెట్టింది.

"యాడ విసరాల? ఈడనా?"

"ఇంజను రేకుల మధ్య ఆ చీలికల మింద. ఆఁ, అట్టనే."

ఎండ నడినెత్తికి ఎక్కింది. ఇంజను కక్కిన నూనె తుంపర చేట మీద నల్లమచ్చలు వేసింది. చెయ్యి మార్చుకుంటూ ఆమె విసురుతూనే ఉంది. మధ్యలో వంగి బండితో ఏదో మెల్లగా అంటోంది. చుక్కతో కూడా అట్లాగే మాట్లాడేది. జీవానందానికి కళ్లు చెమర్చాయి. పొగ తగిలిందని తుడుచుకున్నాడు.

నీడలు సాగే వేళకు నారుమడి నిండింది. బెల్టు తీసి, టైరు ఎక్కిస్తుండగా పెంచలమ్మ ఇంటికిపోయి ఆవును పితికి, చెంబు నిండా పాలు తెచ్చింది. ఎలిశబెతు శపథం తెలియని వాళ్లు ఆ కాలువ మీద ఎవరున్నారు గనక!

"తీసుకో అక్కా. నీ బండి ఇచ్చిన పాలు."

ఎలిశబెతు చెంబులోకి చూసింది, మొగుడి మొహంలోకి చూసింది. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"పాపిష్టోడా, సాధించినావు గదా!" అని బూరుగు దూది సీటు ఎక్కి పక్కకు తిరిగి కూర్చుంది. "ఇంటికి గాదు. ఇసకపల్లికి పోనీ. సముద్రం చూసి ఎన్నేళ్లయిందో."

సముద్రం దాకా బండి జట్కా నడకే నడిచింది. దారి పొడుగునా రైతులు ఇంజను వేశారనుకుని పారలు పట్టుకుని లేచారు, బండిని చూసి తిట్టుకున్నారు. వాళ్లను చూసి ఎలిశబెతు ఎంతగా నవ్విందంటే, పడిపోకుండా మొగుడి నడుము పట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె గుడికి బండిమీదే వెళ్లింది.

కొన్నేళ్లకు, ఒక చలికాలం జీవానందానికి జ్వరం తగిలింది. ఇంజను కొట్టంలో మధ్యాహ్నం కునుకు తీసినవాడు మళ్లీ లేవలేదు. బండిని చిల్లకూరు లారీ షెడ్డు మేస్త్రీ హజరత్తయ్యకు ఇచ్చేసింది ఎలిశబెతు. ఆయన ఒక ఉదయం వచ్చి కిక్కు కొట్టాడు. డుగ్గు, డుగ్గుమంటూ బండి కాలువ గట్టు వెంబడి వెళ్తుంటే, అవతల ముసలి వెంకయ్య దిగ్గున లేచి, పార భుజాన వేసుకుని పొలానికి పరుగెత్తాడు. సగం దారిలో సంగతి తెలిసి అక్కడే ఆగిపోయాడు. వాకిట్లో నిలబడిన ఎలిశబెతు నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

గుంజ పైన మేకుకు పాత చేట వేలాడుతోంది. దాని మచ్చలు కుంకుడు రసానికీ పోలేదు. ఆమె ఆ తర్వాత బియ్యానికి కొత్త చేట కొనుక్కుంది గానీ, దాన్ని మాత్రం అక్కడి నుంచి తియ్యలేదు. ఎండ ఎక్కువైన పూట దగ్గరికి పోతే దానిలోంచి ఇంకా కాస్త దగ్గుమందు వాసన వచ్చేది.