మంచం కింద వేడి పెట్టె

అద్దెకున్నవాళ్ల చెత్తబుట్ట ఖాళీగా ఉంటే ఏ ఇంటి ఓనరైనా సంతోషిస్తాడు. చెకింగాయన అనుమానించాడు.

ముప్పై రెండేళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయిన మనిషి. ఎవడి దగ్గర టికెట్ లేదో మొహం చూసి చెప్పేస్తానని ఆయన గొప్ప. "నన్ను చూడగానే కిటికీలోంచి బయటికి చూస్తాడే, వాడే దొంగ" అనేవాడు. బయట చూడ్డానికి నిజంగానే ఏదైనా ఉండొచ్చన్న ఆలోచన ఆ ముప్పై రెండేళ్లలో ఒక్కసారీ రాలేదు.

మేడ మీద గదిలో అత్తాకోడళ్లు అద్దెకుంటున్నారు. కోడలిది ఆసుపత్రి లాండ్రీలో పని. రక్తం మరకల దుప్పట్లు, ఆపరేషన్ గుడ్డలు ఉతకడం. అత్తకి మోకాళ్లు పోయాయి. ఆ గదిలోకి ఎక్కించిన రోజు నుంచి మళ్లీ మెట్లు దిగలేదు. ఆసుపత్రి పది నిమిషాల నడక కాబట్టి మధ్యాహ్నం విరామంలో కోడలు పరుగున వచ్చి, అత్తని బాత్రూముకి తీసుకెళ్లి, బట్టలు మార్చి, మళ్లీ పరుగున పోతుంది. ఈ గది పోతే ఉద్యోగమైనా వదులుకోవాలి, ముసలిదాన్ని సాయంత్రం దాకా తడి బట్టల్లోనైనా వదిలేయాలి. మూడో దారి లేదు. ఈ సంగతి చెకింగాయనకి బాగా తెలుసు. ఊరికే వచ్చి తలుపు తోసే ధైర్యం అందుకే వచ్చింది.

మొదట గ్యాస్ బండ దగ్గర పట్టుకున్నాడు.

"వాళ్ల బండ నాలుగు నెలలైనా అయిపోదేం?" అన్నాడు భార్యతో.

"ఇద్దరే కదండీ."

"మనమేమన్నా పదిమందిమా?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. సొంత పెళ్లాం కదా, ఆయన పట్టించుకోలేదు.

తర్వాత చెత్త. వారానికోసారి బండివాడు వస్తే వీధంతా సంచులు మోసుకొస్తుంది. మేడ మీద నుంచి చిన్న కాగితం పొట్లం ఒక్కటే దిగుతుంది. తిండి తినేవాళ్లకి తొక్కలుండవా? బాల్కనీలో రంగు డబ్బాలు రెండు, వాటికి చిల్లులు, పైన మూతలు. గుడ్డలుతికిన నీళ్లు కాలవలోకి వదలకుండా బకెట్లలో పట్టి దాచడం. ఆ నీళ్లతో ఏం పని? ఆ పైన వీధి చివర కొట్టువాడు మాటల్లో చెప్పాడు, మేడ మీద అమ్మాయి నల్ల బెల్లం కొంటోందని, పండ్ల తొక్కలుంటే పారేయకుండా ఉంచమందని.

బెల్లం, తొక్కలు, నీళ్లు, మూతలున్న డబ్బాలు. చెకింగాయన లెక్క తేలిపోయింది. సారా. తన ఇంటి నెత్తిన సారా కాస్తున్నారు.

"ఆసుపత్రి మనిషి కదే, స్పిరిట్ వాసన అలవాటే" అన్నాడు.

"మీకు మతి పోయింది" అంది భార్య.

"మతి పోయింది నాకు కాదు. తాగేవాళ్లకి."

మర్నాడు పదకొండింటికి కొళాయి చూసే వంకతో తన దగ్గరున్న రెండో తాళంచెవితో లోపలికి వెళ్లాడు. ముసలమ్మ గోడకి తిరిగి నిద్రపోతోంది. గూట్లో సీసాలు వరసగా ఉన్నాయి. ఒకదాని మూత కొంచెం తిప్పాడు. బుస్సుమంది! పులిసిన వాసన ముక్కులోకి కొట్టింది. దొంగ దొరికితే వచ్చే సంతోషం ఆయనకి రిటైరయ్యాక మొదటిసారి వచ్చింది.

వంగి మంచం కింద చూశాడు. పాత రేకు పెట్టె. చుట్టూ రెండు బొంతలు చుట్టి, తాడుతో బిగించి కట్టి ఉంది. బొంతల మధ్యకి చెయ్యి దూర్చాడు. పెట్టె వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన ఒంటిలా ఉంది. పొయ్యి దగ్గరికి పోయి ముట్టుకుంటే, అది చల్లగా రాయిలా ఉంది.

"ఎవరది?" ముసలమ్మ లేచింది.

"పెట్టెలో ఏముంది?"

"నా మధ్యాహ్నం కూడు. నువ్వెలా వచ్చావు నాయనా లోపలికి?"

"పొయ్యి ఆరిపోయి ఉంటే కూడెలా ఉడుకుతుంది? నీ జపంతోనా?"

"జపంతో ఉడికేదుంటే నీకు ముందే పంపేదాన్ని. తలుపేసుకుని పో."

ఆయన పోలేదు. మెట్ల మీద కూర్చున్నాడు, బస్సు వెనక తలుపు దగ్గర కాపు కాసినట్టు. పన్నెండున్నరకి కోడలు రొప్పుతూ మెట్లెక్కింది.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యి. లేదా ఇప్పుడే పోలీసుల్ని పిలుస్తాను."

"ఎందుకు బాబాయిగారూ?"

"సారా కాస్తున్నావు."

ఆ పిల్ల ఏడవలేదు. "ముందు అత్తయ్యని లేపనివ్వండి" అని ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లింది. ముసలమ్మని భుజాన ఆనించుకుని బాత్రూముకి తీసుకెళ్లింది, తెచ్చింది, బట్టలు మార్చింది. అంతసేపూ ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. సిగ్గుపడి పక్కకి తిరగాలని కూడా తోచలేదు.

అప్పుడు పెట్టె లాగి తాళ్లు విప్పింది. బొంతలు, వాటి లోపల పెట్టె, పెట్టెలో పాతగుడ్డల దిళ్లు, మధ్యలో మూతపెట్టిన గిన్నె. మూత తీసింది. ఆవిరి లేచింది. చిక్కుడు గింజలు మెత్తగా ఉడికి ఉన్నాయి.

"రాత్రి నానబెడతాను. పొద్దున పావుగంట బాగా మరగనిచ్చి, మూత తీయకుండా ఇందులో పెట్టేస్తాను. ఆ వేడికే ఉడికిపోతుంది. ఒకసారి అత్తయ్య గోడ పట్టుకుని ఎలాగో వెళ్లి పొయ్యి వెలిగించి, ఆపడం మర్చిపోయింది. అప్పటి నుంచీ ఇంతే."

"సీసాలు?"

ఆమె రెండు చేతులూ చాపింది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. "రోజంతా లాండ్రీ మందుల్లో చేతులు నానతాయి. ఇంట్లో కూడా అవే మందులెందుకని, తొక్కలూ బెల్లమూ నీళ్లూ మూడు నెలలు పులియబెట్టి వాటితో నేల తుడుస్తున్నాను. గుడ్డలు జాడించిన నీళ్లు బాత్రూములో పోస్తాను. ఆ డబ్బాల్లో కూరగాయల చెత్త, ఎండాకులు వేస్తున్నాను, మట్టి అవుతోంది. తాగి చూస్తారా? మట్టి కాదు, సీసా."

"ఇంత పొదుపు ఎవడు చేస్తాడు? ఏదో దాస్తేనే చేస్తారు."

"గొప్పోళ్లు చేస్తే పర్యావరణం, మనం చేస్తే నేరం" అంది ముసలమ్మ గింజలు నములుతూ.

గొడవ విని ఆయన భార్య పైకి వచ్చింది. పెట్టెనీ మొగుణ్ణీ చూసి తల కొట్టుకుంది. "రెండు నెలలుగా మీరు తింటున్న గింజలూ ఇలా ఉడికినవేనండీ. మన మంచం కిందా ఒకటుంది. ఈ అమ్మాయే నేర్పింది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తనిఖీ చేస్తారు."

ఇక్కడితో మనిషన్నవాడు తలొంచుకుని పోతాడనుకుంటాం. పోడు. తప్పు చేసినవాణ్ణి క్షమించొచ్చునేమో కానీ, ఏ తప్పూ చేయకుండా తననే తప్పు చేసినవాడిగా నిలబెట్టినవాళ్లని ఎవడూ క్షమించడు. రేపటి నుంచి ఈ పిల్ల మెట్లెక్కిన ప్రతిసారీ ఆయనకి పొరబడిన తన మొహమే కనబడుతుంది. ఆయన గొంతు ఇంకా గట్టి పడింది.

"అవన్నీ నాకనవసరం. ఖాళీ చెయ్యాల్సిందే."

కోడలు గడియారం చూసుకుంది. విరామం అయిపోవస్తోంది. గూట్లోంచి ఒక కాగితం, పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది.

"రాసివ్వండి బాబాయిగారూ. ఎందుకు ఖాళీ చేయిస్తున్నారో రాయండి. గింజలు ఉడకబెట్టానని రాయండి, నేల తుడిచానని రాయండి. మా లాండ్రీలో నలభైమందిమి, అందరికీ చదివి వినిపిస్తాను. తర్వాత కొట్టువాడి గోడకి అంటిస్తాను."

ఆయన పెన్ను పట్టుకున్నాడు. ముప్పై రెండేళ్లు జరిమానా చీటీలు రాసిన చెయ్యి. ప్రతి చీటీలో కారణం అని ఒక గడి ఉండేది. అది ఖాళీగా ఉంటే చీటీ చెల్లదు. ఈ సంగతి ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు? తేదీ వేశాడు. పేరు రాశాడు. ఆగిపోయాడు. పెన్ను కాగితం మీద ఒకేచోట గుచ్చుకుని సిరా చుక్క పెద్దదయింది.

"నాకు టైమవుతోంది" అంది కోడలు. "రాయకపోతే గది నాదే. అప్పుడు ఆ రెండో తాళంచెవి కూడా నాకే కావాలి."

భార్యే ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆ పిల్లకిచ్చింది. ఆయన కాగితాన్ని ముడిచి పట్టుకుని మెట్లు దిగాడు.

మర్నాడు పొద్దున అయిదున్నరకి చెకింగాయన మళ్లీ మేడెక్కాడు. అలవాటుగా తలుపు తోశాడు. తెరుచుకోలేదు. తట్టాడు.

"ఎవరు?"

"నేనే."

"నేనంటే?"

ముప్పై రెండేళ్లలో ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. "ఇంటాయన్ని. కొళాయి చూడాలి."

"కొళాయి బాగానే ఉంది. డ్యూటీకి తయారవుతున్నాను, సాయంత్రం ఆరు తర్వాత రండి."

ఆయన కాసేపు తలుపుకేసి చూశాడు. లోపల పొయ్యి మీద ఏదో మరుగుతున్న చప్పుడు, తర్వాత పొయ్యి ఆపిన చప్పుడు. ఆయన మెట్లు దిగాడు.