చప్పుడు చెయ్యని బండి

ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు కొన్నప్పటినుంచి, వారానికోసారి మొజావీ ఎడారి దారుల్లో ఇసుక తొక్కించకపోతే మెరిల్‌కు తిండి సయించేది కాదు. "సెల్‌ఫోనుకి చక్రాలు బిగించుకొచ్చావా?" అని డీజిల్ బండ్ల మిత్రులు ఏడిపించేవాళ్లు. తన బండి చప్పుడు చెయ్యదని ఆయన తెగ మురిసిపోయేవాడు.

ఆ ఏప్రిల్ ఉదయం ఎడారిలో బండి ఆపిన చోట, తుప్పల దగ్గర వాళ్ల ముసలి కుక్క గస్‌ను మూతి మీద గిలకపాము కాటేసింది. మెరిల్ దాన్ని మోసుకొచ్చి వెనక సీట్లో భార్య లొరీన్ ఒళ్లో పడుకోబెట్టాడు. పశువుల డాక్టరు ఉండేది నీడిల్స్ ఊళ్లో, యాభై మైళ్ల అవతల. బ్యాటరీలో చార్జి అరవై మైళ్లకు వస్తుందని బండి తెర చూపిస్తోంది. గస్ మూతి చూస్తుండగానే ఉబ్బిపోతోంది.

నీడ కోసం తాబేళ్లు బండ్ల కింద చేరతాయని, ఎంత తొందరలో ఉన్నా అక్కడివాళ్లు బండి కదిపేముందు కిందికి వంగి చూస్తారు. మెరిల్ వంగి చూశాడు. ముందు చక్రం వెనక నీడలో తాబేలు పడుకుని ఉంది. బండికి ఎదురుగా బండరాయి. వెనక్కి తీస్తే తాబేలు నలిగిపోతుంది.

హారన్ కొట్టాడు. అది తల లోపలికి లాక్కుంది. పాత డీజిలైతే దడదడకి ఎప్పుడో లేచిపోయేదేమో అనిపించి, తన మురిపెం మీద తనకే ఒళ్లు మండింది.

"ఎత్తి పక్కన పెట్టెయ్," అంది లొరీన్.

మెరిల్ తెల్లబోయాడు. పన్నెండేళ్లుగా వసంతంలో తాబేళ్లను లెక్కపెట్టే మనిషి ఆమె. ముట్టుకోబోయిన వాళ్లందర్నీ కడిగిపారేసేది. బెదిరితే అవి ఒంట్లో దాచుకున్న నీళ్లన్నీ వదిలేస్తాయి, మళ్లీ వాన పడేదాకా బతకడం కష్టం.

"నువ్వేనా ఈ మాటనేది?"

"వీడికి ఊపిరాడట్లేదు మెరిల్! ఎత్తమంటుంటే!"

రెండు చేతులా మెల్లగా ఎత్తాడు. గోరువెచ్చని నీళ్లు మణికట్ల మీదుగా ధారకట్టాయి. లొరీన్ మొహం తిప్పుకుంది. దాన్ని తుప్ప నీడలో దించి మెరిల్ బండెక్కాడు.

"తొందరగా పోనియ్యవేం?"

"తొందరగా పోతే చార్జి చాలదు. దార్లోనే ఆగిపోతాం."

కాలు తొక్కాలని ఉంది, తొక్కకూడదు. అంత నిస్సహాయత ఆ మనిషి ఎన్నడూ ఎరగడు. చప్పుడు లేని బండిలో గస్ ఊపిరి గురగుర ఒక్కటే వినిపిస్తోంది. ఇరవై మైళ్ల తర్వాత అదీ వినిపించలేదు.

గస్ తల నిమురుతూ లొరీన్ అడిగింది. "నీళ్లెన్నున్నాయి?"

"నాలుగు గ్యాలన్లు."

"వెనక్కి తిప్పు."

"తిప్పితే ఇవాళ ఊరు చేరలేం."

"తెలుసు. తిప్పు."

తుప్ప కింద తాబేలు లేదు. పిలిస్తే వచ్చే జీవి కాదు. మెరిల్ చేత్తో గుంట తవ్వి, నీళ్లు పోశాడు. ఇద్దరూ దూరంగా జరిగి కూర్చున్నారు. ఏదీ రాలేదు. నీళ్లు ఇసుకలోకి ఇంకిపోయాయి.

"ఇంకొంచెం పొయ్," అంది లొరీన్.