గొర్రె ఎత్తిన ఫోను

కిందటి వసంతంలో మా మందలో గొర్రెలు వరసపెట్టి ఈసుకుపోయాయి. నెలలు నిండని ఆ పిల్లల్ని మా మరదలు అనూదారే ఒట్టి చేతుల్తో తీసి పాతిపెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే తన కడుపూ పోయింది. ఎందుకు పోయిందో ఎవరం మాట్లాడుకోలేదు.

ఈ వసంతానికి మళ్ళీ నీళ్ళోసుకుంది. మా అమ్మ డోల్గోర్ వెంటనే పశువుల డాక్టరమ్మ చిమ్గేని పిలిపించింది.

"పిల్లి కడుపులో కంటికి కనపడని పురుగొకటి ఉంటుంది పెద్దమ్మా," అంది చిమ్గే. "పిల్లి దొడ్డికెళ్ళిన గడ్డి మేస్తే గొర్రెకి కడుపు పోతుంది. ఆ గొర్రెకి పురుడు పోసినవాళ్ళకీ అంటుకోవచ్చు."

"అంటే నా కోడలికి పోయింది దానివల్లేనా?"

"అయ్యుండొచ్చు. కాకపోవచ్చు కూడా."

"అదేం డాక్టరువే తల్లీ! ఔనో కాదో చెప్పు!"

"ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయిస్తా. ఫలితం నేనే ఫోన్ చేసి చెప్తా. ఈలోపు ఈనే గొర్రెల దగ్గరికి తనని పోనివ్వకండి."

అమ్మకి ఆ మాట చాలు. గొర్రెల దొడ్డిని గుట్ట అవతలికి మార్పించింది. గొర్రెల దగ్గరికెళ్ళొచ్చినవాళ్ళెవరూ దాటకుండా కోడలి గుడారం చుట్టూ తాడు కట్టింది. పిల్లిని సంచిలో వేసి, ఏటి అవతల వదిలి రమ్మని మా మామయ్యకిచ్చింది. ఆయన వదిలి వచ్చేసరికి అది మా పొయ్యి పక్కన కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది.

అసలు చిక్కు నల్లమొహం గొర్రెతో వచ్చింది. ఈనింది గానీ పిల్లని దగ్గరికి రానివ్వలేదు. అలాంటి తల్లుల్ని ఏటా అనూదారే "తోయిగ్, తోయిగ్" అని పాడి మెత్తబరిచేది. ఈసారి మా తమ్ముడు బిల్గూన్ పాడాడు. వాడి గొంతు చలిలో మొండికేసిన లారీలా ఉంటుంది. గొర్రె తన్నింది. వాడు పెళ్ళాం అనూదారి అంగీ తొడుక్కుని, తలకి ఆమె రుమాలు కట్టుకుని మళ్ళీ పాడాడు. ఇంకా గట్టిగా తన్నింది.

"నా ఫోను దాని మెళ్ళో కట్టు, నీ ఫోన్లోంచి నేను పాడతా," అంది అనూదారి.

ఫోను దానంతటదే ఎత్తుకునేలా పెట్టి, చిన్న సంచిలో వేసి కట్టారు. ఇవతలి నుంచి మరదలు పాడితే, అవతల గొర్రె కదలకుండా నిలబడి పిల్లకి పాలిచ్చింది. ఇంకేం, ఆ ఫోను దాని మెళ్ళోనే, ఆ అంగీ, రుమాలు వాడి ఒంటిమీదే ఉండిపోయాయి.

ఓ రోజు మధ్యాహ్నం చిమ్గే మోటార్ సైకిల్ దుమ్ము లేపుకుంటూ వచ్చింది.

"ఏడవకే అమ్మా! నేను చెప్పింది మంచి వార్తేగా!"

తాడు లోపల పిండి ఒత్తుతున్న అనూదారి తలెత్తింది. "నేనెప్పుడేడ్చాను?"

"ఇందాక ఫోన్లో! ఏం చెప్పినా ఒకటే రాగం!"

"అది మా నల్లమొహంది డాక్టరమ్మా," అన్నాడు బిల్గూన్, పెళ్ళాం అంగీలో వినయంగా నిలబడి.

చిమ్గే వాణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. కూర్చుని, రక్తం పరీక్ష గురించి గొర్రెకి చెప్పిందంతా మాకు మళ్ళీ చెప్పింది. ఆ పురుగు అనూదారికి ఎప్పుడో అంటి తగ్గిపోయింది, ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి వచ్చేసింది. కాబట్టి ఈ బిడ్డకి దానివల్ల పెద్దగా భయం లేదు. పోయిన బిడ్డ దానివల్లే పోయిందా అంటే మాత్రం ఎవరూ చెప్పలేరు.

"మళ్ళీ అదే మాట!" అంది అమ్మ.

అనూదారి చేతిలో పిండి అలాగే ఉంది. "నేను గుర్రమెక్కినందుకు కాదుగా?" అంది మెల్లగా.

"గుర్రమేంటి?" అంది అమ్మ. "నీ చేత నీళ్ళ క్యాన్లు మోయించానని కదా నేను ఏడాదిగా నిద్రపోంది!"

"బిడ్డ పోకముందు వారమంతా నేను దీంతో గొడవపడ్డాను," అన్నాడు బిల్గూన్, రుమాలు కొసతో కళ్ళు తుడుచుకుంటూ.

"ఎవరి తప్పూ లేదు," అంది చిమ్గే.

అనూదారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అమ్మ లేచి వెళ్ళి, తాడు దాటి, కోడలి పక్కన కూర్చుంది. పోయిన బిడ్డ గురించి ఆ రోజే మొదటిసారి మాట్లాడుకున్నారు, చీకటి పడేదాకా.

చలి మొదలవుతుండగా ఆడపిల్ల పుట్టింది. గుడారం లేచిపోయేలా గుక్కపెట్టింది. ఊరుకోబెట్టడానికి ఎవరం కదల్లేదు. కాసేపు అలా వింటూ కూర్చున్నాం.