ఆరని మూరెడు

పొద్దున్నే డిపో గేటు తెరవగానే లోపలికొచ్చే మొదటి మనిషి సీట్లమ్మ. బస్సు సీట్లకు రెక్సిన్ తొడుగులు కుడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. సంచీ మేకుకు తగిలించి, మిషను మీద కప్పిన గుడ్డ తీసి, సూదికి దారమైనా ఎక్కించకుండా షెడ్డు చివర ఆగి ఉన్న నలభై ఆరో నంబరు బస్సు దగ్గరికి నడుస్తుంది. వెనక చివరి కిటికీ కింద ఆకుపచ్చ గీత ఉంటుంది. ఆ గీత కొసకి చిటికెన వేలు ఆనించి చూసుకుంటుంది. వేలికి పచ్చగా తడి అంటుతుంది. అంటిందా, ఆమెకు ఆ రోజు గడిచిపోయినట్టే. వెనక్కి వచ్చి, మిషను పక్కనున్న పాత గుడ్డకు వేలు తుడుచుకుని పనిలో కూర్చుంటుంది.

ఆ గీత గీసింది ఆమె భర్త. డిపోలో పెయింటర్. స్కేలు పట్టేవాడు కాదు, ఒక దారం లాగి కట్టి, ఊపిరి బిగబట్టి, బస్సు ఈ కొస నుంచి ఆ కొసకి గీత లాగేవాడు. తర్వాత స్టిక్కర్లొచ్చాయి. ఇక పెయింటర్ అక్కర్లేదు, బస్సులు కడగమన్నారు. ఆ మధ్యాహ్నం బ్రష్షు చేత్తో పట్టుకునే వచ్చి, భార్య మిషను పక్కన నిలబడి గొణిగాడు. ఆమెకు సాయంత్రంలోగా నలభై సీట్లు అప్పజెప్పాలి, తలెత్తే తీరిక లేదు. "గీతలు గీయడం కూడా ఒక పనేనా? స్టిక్కరైతే చంటిపిల్లాడైనా అంటిస్తాడు" అనేసింది. కోపంలో నోటికొచ్చిన మాట. అతను వెనక్కి తిరిగాడు. వెళ్ళి నలభై ఆరు మీద మిగిలిపోయిన మూరెడు గీత పూర్తిచేసి, బ్రష్షు కిరసనాయిల్లో నిలబెట్టి, గేటు దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మిగతా గీతంతా ఆ సాయంత్రానికే ఆరింది. ఆ మూరెడు మాత్రం ఆరలేదు. ఎండలు మాడ్చినా ఆరలేదు, వానలు కొట్టినా చెరగలేదు. అలా పదకొండేళ్ళు. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. బస్సులు కడిగేవాళ్ళు అక్కడిదాకా వచ్చి పైపు పక్కకు తిప్పేవారు. చొక్కాకి పచ్చ అంటించుకున్న ప్రయాణికుడికి కండక్టరు ఓ కిరసనాయిలు గుడ్డా, ఓ చీవాటూ ఇచ్చేవాడు. "గీసిన మనిషి బతికున్నన్నాళ్ళూ ఆరదులే అమ్మా" అన్నాడు ఫోర్‌మన్, టైరులో గాలి ఉందని చెప్పినంత మామూలుగా. నిజమే కదా అనుకున్నారు అందరూ.

ఆమె అక్క మాత్రం ఊరుకునేది కాదు. "బతికుండీ రానివాడి కోసం ఇంకా ఎన్నాళ్ళే? నీ బతుకు నువ్వు చూసుకోవూ?"

"బతికున్నాడుగా అక్కా. ఏదో ఒకనాడు వస్తాడు. అన్న మాట వెనక్కి తీసుకోవాలి నేను. అది అయ్యాక వెళ్ళిపోతానన్నా వెళ్ళనిస్తా."

ఆదివారాలు డిపో ఎదురుగా క్యాంటీన్ బెంచీ మీద బస్సుల పిచ్చోళ్ళు చేరేవారు. పిచ్చోళ్ళని డిపోవాళ్ళు ముద్దుగా పెట్టిన పేరు. హారన్ బాబాయి మంగలి. గడ్డం గీస్తూ గీస్తూ, వీధిలో వెళ్ళే బస్సు నంబరు హారన్ విని చెప్పేవాడు. ఆ సమయంలో కుర్చీలో ఉన్నవాడి చెవులు దేవుడి దయ. మందుల షాపు అమ్మాయికి మెట్ల మీద గురి. "మోకాలంత ఎత్తు మెట్టు పెడితే ముసలివాళ్ళు బస్సెక్కాలా, కొండెక్కాలా?" అని కనబడ్డ ప్రతి డ్రైవర్నీ నిలదీసేది. వాళ్ళందరికీ పెద్ద టేపు మాస్టారు. బడిలో డ్రాయింగ్ చెబుతాడు. జేబులో ఎప్పుడూ కొలత టేపు, చేతిలో నోట్‌బుక్. రోజూ పొద్దున్న గేటు దగ్గర, రాత్రి మళ్ళీ అక్కడే నిలబడి, ఏ బస్సు ఎప్పుడు వెళ్ళింది, ఏది ఎప్పుడొచ్చింది, ఏ అద్దం పగిలింది, ఏ బోర్డు మీద అక్షరం వంకరపోయింది, అన్నీ రాసుకునేవాడు.

"గుండ్రటి లైట్లుంటే బస్సుకో ముఖం ఉంటుందండీ. ఈ కొత్తవి చూడండి, ఎప్పుడు చూసినా పళ్ళు నూరుతున్నట్టుంటాయి" అనేవాడు.

పచ్చ రంగు విషయంలో మాస్టారి పట్టు ఉడుంపట్టు. రూలు పుస్తకంలో రాసినది లేత ఆకుపచ్చ. పెయింటర్ మాత్రం ప్రతి డబ్బాలో ఒక చుక్క నలుపు కలిపేవాడు. దాని మీద మాస్టారు డిపోకి మూడు ఉత్తరాలు రాశాడు. పెయింటర్ నవ్వి, "మీ పచ్చ కాగితం మీద బాగుంటుంది మాస్టారూ. దుమ్ము పడ్డాక నా పచ్చే నిలబడుతుంది" అన్నాడు. ఇద్దరూ చివరిదాకా ఎవరి మాట మీద వాళ్ళే ఉన్నారు.

మాస్టారికి సీట్లమ్మంటే ఇష్టం. ఆ సంగతి బస్సులకు తప్ప అందరికీ తెలుసు. ఊరంతా ఆమెను అక్కా అనో, సీట్లమ్మా అనో పిలిస్తే అతనొక్కడే "ఏవండీ" అనేవాడు. హారన్ బాబాయి దానికి దగ్గు తెచ్చుకునేవాడు. ఆమె విననట్టే ఉండేది. అతనూ అంతకు మించి ఒక్క మాట జారలేదు.

ఒక ఆదివారం పెద్దాఫీసు నుంచి మనుషులు వచ్చారు. బస్సులన్నిటికీ రంగులు మారుస్తున్నారట, అభిమానుల మాట కూడా విందామని మూడు నమూనా రేకులు తెచ్చారు. చేతి గీత ఉన్న ఆఖరి బస్సని నలభై ఆరుని ఎండలోకి తెచ్చి నిలబెట్టారు, ఫొటోలు తీయడానికి. సీట్లమ్మ ఎప్పటిలాగే వెళ్ళి వేలు ఆనించింది. తడి అంటింది. ప్రాణం కుదుటపడింది. వచ్చి గుడ్డకు తుడుచుకుంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గుడ్డ మీద పదకొండేళ్ళ మరకలున్నాయి. అన్నీ ముదురు పచ్చ. ఇప్పుడు తుడిచింది చిగురాకులా లేతగా ఉంది. గుడ్డ పట్టుకుని గుమ్మంలోకొచ్చి వెలుగులో చూసింది. నలుపు లేదు. ఆమె భర్త చేయి నలుపు లేని పచ్చ ఏనాడూ కలపలేదు. బస్సు దగ్గరికి మళ్ళీ వెళ్ళి ముఖం దగ్గరగా పెట్టింది. కొత్త పెయింటు వాసన వేసింది. మూరెడు గీత అంచులు టేపు పెట్టి కొలిచినట్టు ఉన్నాయి.

బెంచీ దగ్గర వాదన కాకమీదుంది. స్టిక్కరు ఆరు నెలల్లో ఊడుతుందని బాబాయి, రంగు సంగతి తర్వాత ముందు మెట్టు దించండని అమ్మాయి. ఆమె వచ్చి నిలబడింది.

"మాస్టారూ, ఒకసారి ఇటు రండి."

బస్సు నీడలోకి వచ్చాక గుడ్డ చూపించింది. "ఇందులో నలుపేదీ?"

మాస్టారు గుడ్డ చూశాడు, తన బూట్లు చూసుకున్నాడు. "ఏవండీ..." అన్నాడు.

"ఎప్పుడు ఆరింది?"

"పందొమ్మిది రోజులైంది."

ఆమె బస్సుకి చెయ్యి ఆనించి నిలబడింది. పచ్చ అరచేతికి అంటింది, ఆమె చూసుకోలేదు.

"రోజూ తెల్లవారుజామున, గేటు తెరవకముందే, వాచ్‌మన్‌ని బతిమాలి లోపలికొచ్చి వేస్తున్నాను," అన్నాడతను. "నలుపు కలిపే వేశాను, ఆయన కలిపినట్టే. ఈ రోజు ఫొటోలు తీస్తారన్నారు. పదిమంది చూసే చోట తప్పు పచ్చతో నిలబెట్టడానికి మనసొప్పలేదండీ. ఒక్కరోజే కదా అనుకున్నా. రేపు మళ్ళీ కలిపేసేవాణ్ణి."

"ఎందుకు చేశారీ పని?"

"మీరు పొద్దున్నే వేలు చూసుకుంటారు చూడండి, అప్పుడు మీ ముఖం... అది పోతుందని."

గీత ఆరితే ఈ లోకంలో బాగుపడేవాడు ఎవరైనా ఉంటే అతనే. అది అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. అందుకే అతన్ని తిట్టడానికి కూడా ఆమెకు నోరు రాలేదు.

"పందొమ్మిది రోజులు," అంది. "ఈ పందొమ్మిది రోజుల్లో నేను కొత్త చెప్పులు కొనుక్కున్నాను మాస్టారూ. క్యాంటీన్లో పడీపడీ నవ్వాను. ఆయన పోయి ఉన్నాడు, నేను నవ్వుతున్నాను. అన్న మాట అన్నట్టే ఉండిపోయింది. ఇంక దాన్ని ఎవరి దగ్గర వెనక్కి తీసుకోను?"

 ఆమె పైట కొంగుతో ముఖం తుడుచుకుని ఫోర్‌మన్ గది వైపు నడిచింది. అతను రెండడుగుల వెనక నడిచాడు.

ఇంట్లో మనిషి పోతే సెలవుకి డిపోలో ఒక ఫారం ఉంది. ఫోర్‌మన్ బయట ఫొటోల హడావుడి వదిలేసి వచ్చి, "గీత ఆరిపోయిందండీ" అని ఆమె అనగానే ఇంకేమీ అడగకుండా దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె అరచేయంతా పచ్చగా ఉంది కాబట్టి మాస్టారే కలం తీశాడు. పోయినవారు ఏమవుతారు అన్న చోట, ఆమె చెబితే, భర్త అని రాశాడు. ఆ రెండక్షరాలు రాయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

తర్వాతి గడి, పోయిన రోజూ సమయమూ. మాస్టారు నోట్‌బుక్ తీసి వెనక్కి తిప్పాడు.

"ఆరడానికి ముందురోజు రాత్రి తొమ్మిదింటికి బస్సు లోపలికొచ్చినప్పుడు తడిగానే ఉంది. తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి లోపలికెళ్ళి చూస్తే ఆరిపోయి ఉంది."

"మధ్యలో అన్నమాట," అంది ఆమె. "ఆ రాత్రి వానొచ్చిందా?"

అతను పేజీ చూశాడు. "లేదండీ. ఆకాశం తేటగా ఉందని రాసుకున్నాను."

"ఆయన ఉన్నచోటా రాలేదనుకుంటాను. తడిస్తే ఇట్టే జలుబు చేసేది ఆయనకి."

మాస్టారు తలవంచుకుని సమయం రాశాడు. ఆ కింద గడిలో పోయిన చోటు అని ఉంది. కలం ఆగింది. ముగ్గురూ ఆ గడినే చూస్తూ కూర్చున్నారు.

"అది తెలీదండీ," అంది ఆమె ఫోర్‌మన్‌తో. "ఎవరినడగాలో కూడా తెలీదు."

చిన్న కామా తప్పినా కాగితం మొహాన కొట్టే మనిషి ఫోర్‌మన్. "ఖాళీగా వదిలెయ్యండి మాస్టారూ," అన్నాడు. ఫారం తన వైపు లాక్కుని, "ఎన్నాళ్ళు కావాలమ్మా?" అని అడిగాడు.

"పదకొండేళ్ళ ఏడుపు ఉందండీ. మీరే చూసి చెప్పండి."

ఫోర్‌మన్ ఒక అంకె వేశాడు, కొట్టేశాడు. ఇంకోటి వేయబోయి మానేశాడు. కింద సంతకం పెట్టి, ఫారం డ్రాయర్లో పెట్టకుండా ఆమె చేతికే ఇచ్చాడు. అది అందుకున్నాక సీట్లమ్మ ఆ కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది. బయట మూడు రేకుల్లో ఏది బాగుందో తేల్చడానికి మాస్టారి కోసం పిలుస్తున్నారు. అతను తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.